కార్డులు 212, పలకరించే మనిషి లేరు: వ్యాపార పరిచయాల్లో నిజమైన స్నేహం కుదురుతుందా?

రంగులరేకు:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను ప్యాకింగ్ లేబుళ్లు డిజైన్ చేస్తాను. సీసాల మీద, డబ్బాల మీద, పౌచ్‌ల మీద అంటించేవి. తొమ్మిదేళ్లు ఒక సంస్థలో చేసి, రెండేళ్ల కింద బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాను. సొంతంగా అంటే ఇంట్లో ఒక గది, ఒక కంప్యూటర్, నేను. పని రావాలంటే నలుగురికీ తెలియాలి కదా అని వ్యాపారస్తుల సమావేశాలకు వెళ్లడం మొదలెట్టాను. వారం వారం కలిసే ఒక రిఫరల్ గ్రూపులో కూడా చేరాను. ఒక్కొక్కరు నిలబడి నిమిషంలో తమ పని గురించి చెప్పుకోవడం, కార్డులు మార్చుకోవడం, ఎవరు ఎవరికి పని ఇప్పించారో చదివి వినిపించడం. ఇంటికొచ్చాక అందరినీ లింక్డిన్‌లో కలుపుకునేదాన్ని.

ఇప్పుడు నా చెప్పుల డబ్బాలో 212 కార్డులున్నాయి. నిన్న కూర్చుని లెక్కపెట్టాను. ఎందుకంటే పోయిన నెల నాకు కుడి మణికట్టు విరిగింది. మౌస్ పట్టుకోలేను, పెన్ను పట్టుకోలేను. గ్రూపులో "చెయ్యి విరిగింది, కొన్ని వారాలు రాలేను" అని పెడితే 14 దండాల బొమ్మలు, ఆరు "గెట్ వెల్ సూన్"లు వచ్చాయి. ఫోన్ మాత్రం ఒక్కటే వచ్చింది. ఎత్తగానే "మేడమ్, ఆ ఫైలు ఎడమ చేత్తోనైనా పంపగలరా?" అన్నారు. ఆయన తప్పు కూడా కాదు, ప్రెస్సులో పని ఆగిపోయి ఉంటుంది. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

తర్వాత ఆలోచిస్తే, నేను మాత్రం ఎవరికి ఏం చేశాను అనిపించింది. అందరికీ పంపింది ఒకటే మెసేజ్: "మిమ్మల్ని కలవడం సంతోషంగా ఉంది. మున్ముందు కలిసి పనిచేద్దాం." పేరు మార్చి అతికించడమే. అవతలివాళ్లూ అదే పంపేవాళ్లు.

నా ప్రశ్నలు రెండు. పని కోసం కలిసిన చోట మనసు కలిసే మనుషులు దొరుకుతారా, లేక అలా ఆశించడమే పొరపాటా? దొరుకుతారంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు మొహమాటం ఎక్కువ. పని లేకుండా ఒకరికి ఫోన్ చేయాలంటే చెయ్యి ఆడదు. మీకు నిజంగా జరిగింది చెప్పండి. పుస్తకాల్లో చెప్పేవి చాలా చదివాను.

---

సూటిగా:

మేడమ్, మీ బాధ అర్థమైంది కానీ వ్యాపారం వ్యాపారమే. అక్కడికి వచ్చేవాళ్లంతా అవసరం కోసం వచ్చేవాళ్లే, ఏరు దాటాక తెప్ప తగలేస్తారు. నేను ఒకాయన్ని అన్నలా నమ్మి ఏడు నెలలు అప్పు మీద సరుకు ఇచ్చాను. కాగితం రాయించుకోలేదు, అన్నను కాగితం అడుగుతామా? చివరికి డబ్బూ పోయింది, అన్నా పోయాడు. రెండోదే ఎక్కువ నొప్పి. స్నేహం కావాలంటే ఇంకెక్కడైనా వెతుక్కోండి. ఈ మాట మీ మంచికే చెబుతున్నాను.

---

సమతూకం:

రంగులరేకు గారూ, ముందు చెయ్యి ఎలా ఉందో చెప్పండి. కట్టు తీశారా? తీశాక వేళ్లు బిగుసుకుపోయినట్టు ఉంటాయి, భయపడకండి. ఫిజియో చెప్పిన కసరత్తు ఒక్కపూట కూడా మానకండి.

నేను తూకం యంత్రాలు బాగుచేసి, కాలిబ్రేషన్ (తూకం సరిగ్గా చూపుతోందో లేదో సరిచూడటం) చేసి ఇస్తాను. 23 ఏళ్లుగా ఇదే పని. ఇవాళ అర్ధరాత్రి ఫోన్ చేస్తే లేచి వచ్చే మనుషులు నాకు నలుగురున్నారు. వాళ్లలో ముగ్గురు ఇలాంటి వ్యాపార పరిచయాల్లోంచి వచ్చినవాళ్లే. అందుకే "సూటిగా" గారి మాట ఒప్పుకోలేకపోతున్నాను. ఒకరి సంగతి చెబుతాను.

అతను రంగు పొడులు చిన్న చిన్న ప్యాకెట్లలో నింపి అమ్ముతాడు. ఇద్దరం ఒకే గ్రూపులో ఏడాదిపాటు పక్కపక్కన కూర్చున్నాం. నేను ఏదన్నా చెబితే నవ్వి ఊరుకునేవాడు. బదులు ఉండేది కాదు. మనిషికి పొగరు అనుకున్నాను. ఒకరోజు అతని యూనిట్ పక్క భవనంలో పని పడింది. అది ముగించుకుని, ఎదురుగానే ఉంది కదా అని మెట్లెక్కాను.

బల్ల మీద బ్యాలెన్స్ ఉంది, గ్రాములో నూరో వంతు చూపేది. ఐదు గ్రాముల ప్యాకెట్ పెడితే అంకె నిలవడం లేదు. 5.02, 4.98, 5.03, మళ్లీ 4.97. తూచే అమ్మాయి మూడుసార్లు చూసి, మధ్యలో అంకె ఒకటి అనుకుని రాసుకుంటోంది. ఆరు నెలలుగా ఇంతేనట, యంత్రం పోయింది, కొత్తది కొనాలి అన్నాడతను. నేను తలెత్తి చూశాను. బల్లకు సరిగ్గా పైన ఫ్యాన్. అంత సున్నితమైన బ్యాలెన్స్ పళ్లెం మీద గాలి తగిలినా అంకె కదులుతుంది. ఫ్యాన్ ఆపించాను. పక్కనున్న నీటిమట్టం బుడగ కూడా గుండ్రటి గీత బయట ఉంది, కాళ్ల మరలు తిప్పి మధ్యలోకి తెచ్చాను. అంకె 5.00 దగ్గర నిలబడింది. మొత్తం పది నిమిషాలు.

బిల్లు ఎంత అన్నాడు. ఫ్యాన్ స్విచ్చి నొక్కినందుకు బిల్లేముంటుంది అన్నాను. అప్పుడు కుర్చీ లాగి, నన్ను తన కుడి పక్కన కూర్చోమన్నాడు. "ఎడమ చెవి వినపడదు, చిన్నప్పటి నుంచీ" అన్నాడు. ఏడాదిగా నేను కూర్చుంటున్నది అతని ఎడమ పక్కన! వినపడక నవ్వేవాడు, నేను పొగరనుకున్నాను. ఆ రోజు గంటసేపు మాట్లాడాడు. అతను ఇంత మాటకారి అని ఆ గ్రూపులో ఎవరికీ తెలియదు.

ఇది జరిగి 11 ఏళ్లయింది. నాలుగేళ్ల కింద నా వర్క్‌షాపులో షార్ట్ సర్క్యూట్ అయి సగం గది కాలిపోయింది. యంత్రాలను సరిచూసే ప్రామాణిక తూకపు రాళ్లున్న అల్మరా అంతా మసి. నేను గుమ్మంలో చతికిలబడిపోయాను. అతను ఇద్దరు కుర్రాళ్లను తీసుకుని వచ్చాడు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. జేబులోంచి గ్లవుజులు తీసి వాళ్లకిచ్చి, "ఉత్తి చేతుల్తో ముట్టుకోకండి, చెమట అంటితే బరువు మారుతుంది" అన్నాడు. ఎప్పుడో మాటల్లో నేను చెప్పిన సంగతి అది. నేనే మర్చిపోయాను. ఆ రోజు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

కాబట్టి నేను నమ్మేది ఒకటే అండీ. మనిషిని హాల్లో కాదు, అతను పనిచేసే చోట చూడాలి. హాల్లో అందరం ఇస్త్రీ చొక్కాలో ఉంటాం, నిమిషం మాటలు కంఠతా పట్టి వస్తాం. అతని బల్ల దగ్గరికి వెళితే తెలుస్తుంది, అతన్ని రోజూ సతాయిస్తున్నదేమిటో. మన చేతనైనది ఉంటే చేస్తాం, లేకపోతే వింటాం. వినడం కూడా చాలామందికి దొరకదు.

ఇది నా సొంత తెలివి కూడా కాదు. రోటరీ క్లబ్ పేరు ఎలా వచ్చిందో చూడండి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి మొదలుపెట్టాడు. చిన్న ఊళ్లో పెరిగిన మనిషి, అంత పెద్ద నగరంలో తనవాళ్లంటూ లేక, వ్యాపారాల్లో, వృత్తుల్లో ఉన్నవాళ్ల మధ్య స్నేహం కుదరాలని పెట్టుకున్నాడు. మొదట్లో ఒక్కో సమావేశం ఒక్కో సభ్యుడి ఆఫీసులో జరిగేది. వంతులవారీగా తిరిగేది కాబట్టి రోటరీ. ఒంటరితనంలోంచే పుట్టిందండీ ఈ తరహా క్లబ్బు. మీరు ఆశిస్తున్నది పొరపాటు ఎలా అవుతుంది?

ఇక ఫోన్ సంగతి. చాన్నాళ్లకు ఫోన్ చేస్తే ఎవరైనా మొదట అడిగేది "ఏంటి విషయం?" అనే కదా. "ఏం లేదు, ఊరికే చేశాను" అని చెప్పి, చివరిదాకా ఊరికే ఉండండి. మూడో నిమిషంలో "అన్నట్టు చిన్న పని ఉంది" అన్నారంటే ఆ "ఊరికే" విలువ అక్కడితో పోయినట్టే. పనుంటే పనుందనే చేయండి, అదేం తప్పు కాదు. రెండూ కలపకండి.

నేను డైరీలో మనిషికి రెండు లైన్లు రాసుకుంటాను. వ్యాపారం కాదు, అది కార్డు మీదే ఉంటుంది. ఆ రోజు అతని మొహంలో కనిపించింది రాస్తాను. "తమ్ముడు వాటా అడుగుతున్నాడు, నిద్ర లేదు." "కూతురు మొదటిసారి హాస్టల్‌కు వెళ్తోంది." నెల తర్వాత కలిస్తే అక్కడి నుంచే మొదలుపెడతాను. "అమ్మాయి హాస్టల్లో కుదురుకుందా?" అంటే మనిషి నిలబడిపోతాడు, నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే.

"సూటిగా" గారూ, మీకు జరిగింది చిన్న దెబ్బ కాదు. నేను చెప్పిన ఆ స్నేహితుడికి కూడా ఇన్‌వాయిస్ ఇస్తాను, గడువు తేదీ రాస్తాను. ఫ్యాన్ స్విచ్చికి డబ్బులుండవు, ఏటా చేసే కాలిబ్రేషన్‌కు ఉంటాయి. ఆ గీత మొదటి రోజే గీసుకున్నాం, అందుకే ఇన్నేళ్లు మాటా మాటా రాలేదు.

---

గంటలలెక్క:

నేను సంస్థలకు ఉద్యోగులను వెతికిపెట్టే పనిలో ఉన్నాను. సమతూకం గారి పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక విషయంలో కాస్త తేడా చెప్పాలి.

రంగులరేకు గారూ, ఆ 212 కార్డులు దండగ అనుకోకండి. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన పరిశోధన వ్యాసం మా రంగంలో అందరికీ తెలుసు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లమన్నవారు ఆరుగురిలో ఒక్కరే. మిగతావాళ్లంతా అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసే ముఖ పరిచయస్తుల ద్వారానే విన్నారు. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపువాళ్ల నుంచే వస్తుంది. కాబట్టి ముఖ పరిచయాలు ముఖ పరిచయాలుగానే ఉండనివ్వండి. అందరూ స్నేహితులు కాలేదని నొచ్చుకోవద్దు.

మరి స్నేహం ఎందుకు కాలేదు? దీనికీ ఒక లెక్క ఉంది. జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ముఖ పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, అసలైన స్నేహానికి 90, ప్రాణ స్నేహానికి 200 పైన. ఇప్పుడు మీ గ్రూపు చూడండి. వారానికోసారి కలుస్తారు, ముప్పై మంది ఉంటారనుకుందాం. అందులో ఒక మనిషితో మీరు నేరుగా మాట్లాడేది వారానికి ఐదు నిమిషాలు. ఏడాదికి 50 వారాలు వేసుకున్నా 250 నిమిషాలు, అంటే నాలుగు గంటల పైచిలుకు. ఈ లెక్కన 50 గంటలు కావాలంటే పన్నెండేళ్లు! మీలో లోపం లేదు, వాళ్లలోనూ లేదు. ఆ హాల్లో అంత సమయమే లేదు. పైగా ఆ గంటలు పని మాటల్లో గడిస్తే సరిపోవు, కబుర్లూ నవ్వులూ కలవాలి. సమతూకం గారు మెట్లెక్కి గంటసేపు కూర్చున్నారే, అక్కడ తెగింది లెక్క.

212 మందితో ఇది ఎవరి వల్లా కాదు. రాబిన్ డన్‌బార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన 150 సంఖ్య వినే ఉంటారు. మనిషి నిజంగా సంబంధం నిలుపుకోగలిగేది దాదాపు అంతమందితోనే అని ఆయన 1990ల నుంచీ చెబుతున్నారు. అందులోనూ బాగా దగ్గరివాళ్లు ఐదుగురే. లింక్డిన్ 30,000 మంది దాకా కలుపుకోనిస్తుంది. గుండెలో చోటు అంత లేదు. ఐదు కార్డులు తీయండి. ఎవరు పెద్ద క్లయింటు అని చూడొద్దు. ఎవరితో మాట్లాడాక మీకు ఇంటికెళ్లే దారిలో తేలిగ్గా అనిపించిందో గుర్తు తెచ్చుకుని వాళ్లవి తీయండి.

ఇంకొకటి, అడగనా వద్దా అనుకుంటూనే అడుగుతున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్లు ఒకచోట పనిచేశానన్నారు. అక్కడి మనుషుల గురించి ఒక్క ముక్క లేదు. వాళ్లతో మీకు 50 గంటలు కాదు, వేల గంటలు ఎప్పుడో అయిపోయాయి. మధ్యలో తెగిపోయిన పాత పరిచయాల మీద 2011లో డేనియల్ లెవిన్, మరో ఇద్దరు కలిసి ఒక అధ్యయనం చేశారు. ఏళ్ల తరబడి మాటల్లేని పాతవాళ్లను మళ్లీ కలిసి సలహా అడగమని మేనేజర్లకు చెప్పారు. ఇప్పుడు దగ్గరగా ఉన్నవాళ్ల సలహా కన్నా ఆ పాతవాళ్ల సలహాయే ఎక్కువ కొత్తగా ఉందట, నమ్మకం కూడా చెదరలేదట. మీ మొదటి ఫోన్ ఆ 212లో ఉందని నాకనిపించడం లేదు.

---

తక్కువమాటలు:

నాదీ మీలాంటి మొహమాటమే అక్కా. ఎవరితోనైనా మాట్లాడి వచ్చాక రాత్రంతా "ఆ మాట ఎందుకన్నాను" అని నలిగిపోతాను. 2018లో దీని మీదే ఒక పరిశోధన వచ్చింది: కొత్తవాళ్లతో మాట్లాడాక అవతలివాళ్లకు మనం ఎంత నచ్చామో మనం తక్కువగా అంచనా వేస్తామట, ఇద్దరూ అలాగే. అది తెలిశాక నాకు చాలా ధైర్యం వచ్చింది. నేను భయపడుతున్నప్పుడు అవతలి మనిషి కూడా ఇంటికెళ్లి అదే అనుకుంటున్నాడన్నమాట.

ఫోన్ చేయలేనప్పుడు నేను ఒక ఫొటో పంపిస్తాను. దారిలో వాళ్ల పనికి సంబంధించింది ఏదైనా కనిపిస్తే తీసి, "ఇది చూడగానే మీరు గుర్తొచ్చారు" అని ఒక్క లైను. శుభోదయం బొమ్మలు కాదు, అవి అందరికీ వెళ్తాయని అందరికీ తెలుసు. ఇది ఆ ఒక్కరికే. బదులు రాకపోయినా ఫర్వాలేదు, అడిగింది ఏమీ లేదు కాబట్టి వాళ్లకూ భారం ఉండదు.

---

రంగులరేకు:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. సమతూకం గారూ, కట్టు తీశారు. వేళ్లు మీరన్నట్టే ఉన్నాయి. చెయ్యి ఎలా ఉందని ముందు అడిగింది మీరే, అది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

గంటలలెక్క గారి ప్రశ్న గుచ్చుకుంది. పాత ఆఫీసులో నా పక్క సీట్లో ప్రూఫులు, అంటే అచ్చుకు వెళ్లే ముందు నమూనాలో తప్పులు, చూసే అక్క ఉండేది. నేను వేసిన ప్రతి లేబులూ ఆమె కళ్ల కింద నుంచి వెళ్లేది. ఉద్యోగం మానేసేటప్పుడు అక్కడి పెద్దలతో మాట పట్టింపు వచ్చింది, ఆ కోపంలో ఆమెకు కూడా సరిగ్గా చెప్పకుండా వచ్చేశాను. సిగ్గేసి రెండేళ్లు ఫోన్ చేయలేదు. అందుకే పోస్టులోనూ రాయలేదు.

ఆదివారం చేశాను. "ఏంటే విషయం?" అంది. "ఏం లేదక్కా, ఊరికే" అన్నాను. అటు వైపు ఏమీ వినపడలేదు. తర్వాత "ఇన్నాళ్లకు గుర్తొచ్చానా" అంది, గొంతు బాగోలేదు. 52 నిమిషాలు మాట్లాడుకున్నాం. చెయ్యి విరిగిందని చెబితే తిట్టింది. ఎందుకు చెప్పలేదని. అలా తిట్టేవాళ్లు లేకే నేను ఎండిపోయానని ఆ తిట్లు వింటుంటే తెలిసింది.

రెండోది. చెప్పుల డబ్బాలోంచి ఐదు తీశాను. అందులో ఒకాయన సబ్బులు తయారుచేస్తారు. నాలుగు నెలల కింద సమావేశంలో కొత్త లేబుల్ నమూనా అందరికీ చూపించారు. బార్‌కోడ్ తెల్లటి కాగితం మీద ఎర్రటి గీతలతో ఉంది. నాకు అప్పుడే కనిపించింది. చాలా స్కానర్ల కాంతి ఎర్రది. ఆ వెలుగులో ఎర్ర గీత కూడా తెల్ల కాగితంలాగే మెరుస్తుంది, యంత్రానికి గీతలే కనపడవు. నలుపో, ముదురు నీలమో ఉండాలి. కానీ ఆయన నా క్లయింటు కాదు, అందరి ముందు తప్పు పడితే పని కోసం చేస్తున్నాననుకుంటారేమో అని నోరు మూసుకున్నాను. నాలుగు నెలలు! ఆ మాట ఇప్పటికీ నన్ను కోస్తోంది.

ఎడమ చేత్తో టైపు చేసి పంపాను: "మీ లేబుల్ ఆ రోజు చూశాను. ఎర్ర బార్‌కోడ్ స్కానర్‌కు కనపడకపోవచ్చు. ప్రింటుకు ముందు ఒకసారి స్కాన్ చేసి చూడండి. నాకు పని ఇవ్వక్కర్లేదు, మీ డిజైనరే రంగు మార్చగలరు. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు, మన్నించండి." నాలుగు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. డబ్బు సర్దుబాటు కాక ప్రింటు ఆగిందట, నమూనాలు తప్ప ఏమీ వేయలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొన్న వాళ్ల చోటుకు వెళ్లాను, సమతూకం గారు చెప్పినట్టే. డిజైనర్ ఎవరని అడిగితే, లోపలి గదిలోంచి వాళ్లమ్మాయిని పిలిచారు. ఎనిమిదో తరగతి. లేబుల్ మొత్తం ఆ పిల్లే గీసింది. బార్‌కోడ్ నల్లగా బాగోలేదని ఎరుపు చేసిందట. తప్పు తనదేనని తెలిసి తల దించుకుని నిలబడింది. నేను ఉద్యోగంలో మొదటి ఏడాది బార్‌కోడ్ పక్కన ఖాళీ వదలకుండా అంచు దాకా పువ్వులు పెట్టాను, ఆ ఖాళీ లేకపోతే గీతలు ఎక్కడ మొదలయ్యాయో స్కానర్‌కు తెలియదు. ప్రూఫు దగ్గర పట్టుకుని నాకు నేర్పింది ఆ అక్కే. ఆ సంగతి చెప్పాక పిల్ల తలెత్తింది. రంగుల గురించి వరసగా పదకొండు ప్రశ్నలు అడిగింది.

శనివారం మళ్లీ వెళ్తున్నాను. మౌస్ తను పడుతుంది, నేను పక్కన కూర్చుంటాను. అక్కను కూడా రమ్మన్నాను, ప్రూఫు చూడటానికి.